పీ63 రంగు పడితే ఒక అర్థం, పడకపోతే ఇంకో అర్థం

ప్రొస్టేట్ గ్రంథి నుంచి తీసిన ముక్కలో (బయాప్సీలో), అనుమానాస్పదంగా ఉన్న గ్రంథుల చుట్టూ పీ63 అనే ప్రొటీన్‌ను చూపే రంగు పట్టలేదంటే అది క్యాన్సర్ వైపు మొగ్గే సాక్ష్యం. ఊపిరితిత్తి గడ్డలో అదే రంగు దాదాపు ప్రతి కణానికీ ముదురుగా పట్టిందంటే అది కూడా క్యాన్సర్ రకాన్ని తేల్చే సాక్ష్యమే. రొమ్ము గడ్డలో కణాల గుంపుల చుట్టూ ఆ రంగు చుక్కలు వరుసగా నిలిచి ఉంటే అది చాలావరకు ఊరటనిచ్చే విషయం. ఆ చుక్కలు అంచున కాకుండా గడ్డ కణాలలోనే కనిపిస్తే మాత్రం ఒక అరుదైన, చికిత్సకు సులువుగా లొంగని క్యాన్సర్‌ను అనుమానించవలసి వస్తుంది. ఆ ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ ఒక్కటే, గోధుమరంగు ఒక్కటే, అర్థాలు మాత్రం నాలుగు.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ముక్క పరీక్ష రిపోర్టు తరచుగా రెండు విడతలుగా ఇంటికి చేరుతుంది. మొదట మామూలు రంగులు వేసిన స్లైడును చూసి ప్రాథమిక అభిప్రాయం ఇస్తారు. సందేహం మిగిలితే "ఐహెచ్‌సీ అవసరం" అని రాస్తారు, అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, యాంటీబాడీలతో కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించి చూసే పద్ధతి. అది స్థానికంగా వీలుకాకపోతే ముక్కను పొదిగిన మైనం బ్లాకు చెన్నైకో వేలూరుకో హైదరాబాదుకో ప్రయాణం కడుతుంది. కొన్ని రోజులకు వచ్చే రెండో కాగితంలో అయిదారు సంకేతాక్షరాలు, వాటి ఎదురుగా పాజిటివ్ లేదా నెగెటివ్ అన్న మాటలు ఉంటాయి. కరోనా పరీక్షలకు అలవాటుపడిన కళ్లు ఆ మాటలనే ముందు వెతుకుతాయి. "పీ63 పాజిటివ్ అని వచ్చింది, అంటే ఉన్నట్టే గదా సార్?" అన్న ప్రశ్న అక్కడినుంచి పుడుతుంది. ఆ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ జవాబు చెప్పడం సాధ్యం కాదు. పీ63 క్యాన్సర్‌ను గుర్తించే పరీక్ష కాదు. అది ఒక జాతి కణాలను గుర్తించే పరీక్ష. ఆ కణాలు అక్కడ ఉండటం మంచిదా, చెడ్డదా, ఏ సంబంధమూ లేనిదా అన్నది ముక్క శరీరంలో ఏ చోటి నుంచి వచ్చింది, దాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన పాథాలజిస్టు మనసులో ఏ సందేహం ఉంది అన్న రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది.

ఏమిటీ పీ63?

పీ63 ఒక ప్రొటీన్. కణకేంద్రకంలో ఉండి, ఏ జన్యువులు పనిచేయాలో ఏవి మౌనంగా ఉండాలో నిర్దేశించే ప్రొటీన్లలో ఇది ఒకటి. దీన్ని తయారుచేసే టీపీ63 జన్యువు మూడో క్రోమోజోము పొడవాటి భుజం మీద ఉంటుంది. పేరులోని అంకె ప్రొటీన్ బరువును కిలోడాల్టన్లలో సుమారుగా సూచించే పాత అలవాటు నుంచి వచ్చింది. ఈ కుటుంబంలో పెద్దది, పేరుమోసినది పీ53. దాన్ని 1979లో గుర్తించారు. దాని బంధువులైన పీ73, పీ63 దాదాపు రెండు దశాబ్దాల తర్వాత, 1997–98 ప్రాంతంలో వెలుగులోకి వచ్చాయి. ఈ బంధుత్వం వల్ల ఒక గందరగోళం కూడా వచ్చిపడింది. ఫోనులో వెతికేవారికి పీ53 గురించిన సమాచారమే ముందు ఎదురవుతుంది. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో ఆ జన్యువు చెడిపోయి ఉంటుందని చదివి, పీ63 పాజిటివ్ అన్నా అలాంటి జన్యులోపమేనని, అది పిల్లలకు కూడా సంక్రమిస్తుందేమోనని కంగారుపడతారు. పీ63 రంగు పట్టడం జన్యువు చెడిపోవడానికి గుర్తు కాదు. ఆరోగ్యవంతుడి అరచేతి చర్మం ముక్క తీసి చూసినా అడుగు వరుస కణాలన్నీ పీ63 పాజిటివ్‌గానే కనిపిస్తాయి.

దీని అసలు పని ఏమిటో 1999–2000లో ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో తేలింది. పీ63 లేకుండా పుట్టిన ఎలుక పిల్లలకు కాళ్లు సరిగా ఏర్పడలేదు, చర్మపు పొరలు ఏర్పడలేదు, పాలగ్రంథులు లేవు, ప్రొస్టేట్ లేదు, లాలాజల గ్రంథులు లేవు. చర్మం లేక ఒంట్లోని నీరంతా ఇగిరిపోయి పుట్టిన కొద్దిసేపటికే అవి చనిపోయాయి. 1999లోనే, చేతివేళ్లు చీలి, గ్రహణం మొర్రితో పుట్టే ఒక అరుదైన వంశపారంపర్య రుగ్మతకు ఈ జన్యువులోని మార్పులే కారణమని కూడా తెలిసింది. ఎలుకల్లో లోపించిన అవయవాల జాబితాను ఒకసారి మళ్లీ చూస్తే, పాథాలజిస్టు పీ63ను ఎక్కడెక్కడ వాడతాడో దాదాపుగా అందులోనే ఉంది: చర్మం, రొమ్ము, ప్రొస్టేట్, లాలాజల గ్రంథులు. అనేక పొరలుగా పేర్చుకున్న కణజాలంలో పునాది వరుసను నిలబెట్టడం, పైవరుసలకు కొత్త కణాలను అందించే సామర్థ్యాన్ని కాపాడటం దీని పని. కనుక పీ63 రంగు పట్టిందంటే, ఆ కణం పునాది వరుసకు చెందినదో, పొలుసుల కణాల జాతిదో, లేదా గ్రంథులను బయటినుంచి చుట్టి ఉండే మయోఎపిథీలియల్ కణమో అయ్యే అవకాశం ఎక్కువని అర్థం. అంతకుమించి ఆ రంగు ఏమీ చెప్పదు.

రంగు వేసే పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. ఫార్మలిన్‌లో గట్టిపడ్డ ముక్కను మైనంలో పొదిగి, 3–4 మైక్రాన్ల మందంతో పొరలు కోసి గాజు స్లైడుకు అతికిస్తారు. ఫార్మలిన్ ప్రొటీన్ల మధ్య అడ్డుబంధాలు వేసి వాటిని కప్పేస్తుంది కనుక, స్లైడును తగిన ద్రావణంలో ఉంచి ప్రెషర్ కుక్కర్‌లోనో యంత్రంలోనో బాగా వేడిచేసి ఆ కప్పును తొలగించాలి. 1991లో ఈ కిటుకు తెలిసిన తర్వాతే మైనం బ్లాకుల మీద ఇన్ని రకాల పరీక్షలు సాధ్యమయ్యాయి. ఆ తర్వాత పీ63ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని పోస్తారు. అది అతుక్కున్న చోటును రెండో రసాయనంతో గుర్తుపట్టి, చివరకు గోధుమరంగు తేలేలా చేస్తారు. మిగతా కణకేంద్రకాలకు నీలిరంగు వేస్తారు. పీ63 కేంద్రకంలో ఉండే ప్రొటీన్ కనుక గోధుమరంగు కేంద్రకంలోనే పడాలి. కణం చుట్టుపక్కల మసకగా పడిన రంగును లెక్కలోకి తీసుకోరు.

ప్రొస్టేట్: లేకపోవడమే సాక్ష్యం

ఆరోగ్యంగా ఉన్న ప్రొస్టేట్‌లో ప్రతి చిన్న గ్రంథికీ రెండు వరుసల కణాలుంటాయి. లోపలివి స్రావాన్ని తయారుచేస్తాయి. వాటి కింద, చదునుగా నక్కినట్టు ఉండే బేసల్ కణాల వరుస ఒకటి ఉంటుంది. మామూలు రంగుల్లో ఈ రెండో వరుస కొన్నిసార్లు స్పష్టంగా కనిపించదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో లోపలి కణాలే పెరుగుతాయి, బేసల్ వరుస ఉండదు. పీ63 రంగు వేస్తే మామూలు గ్రంథుల చుట్టూ గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి, క్యాన్సర్ గ్రంథుల చుట్టూ కనిపించవు. రక్తంలో పీఎస్ఏ అనే ప్రొస్టేట్ ప్రొటీన్ పెరిగిందని సూదితో పది పన్నెండు చోట్ల నుంచి సన్నటి దారాల్లాంటి ముక్కలు తీసినప్పుడు, వాటిలో ఏదో ఒక మూల నాలుగైదు చిన్న గ్రంథులు మాత్రమే అనుమానంగా ఉంటే, ఆ నాలుగైదింటి గురించిన తీర్పుకు ఈ రంగు ఎంతో సాయపడుతుంది.

అయితే ఒక వస్తువు లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోవడంలో ఉండే చిక్కులన్నీ ఇక్కడ ఉన్నాయి. వయసుతో కుంచించుకుపోయిన గ్రంథులు, అడినోసిస్ అనే నిరపాయకరమైన మార్పు వచ్చిన గ్రంథులు కూడా తమ బేసల్ వరుసను అక్కడక్కడా పోగొట్టుకుంటాయి. ఆ వరుస తెగిపోయిన చోటు మీదుగా కోత పడితే, నిరపాయకరమైన గ్రంథి కూడా పీ63 నెగెటివ్‌గా కనిపించవచ్చు. ఒక్క గ్రంథికో రెండింటికో రంగు పట్టలేదని క్యాన్సర్ అనేయడం తొందరపాటు. అందుకే పీ63ను ఒంటరిగా వాడరు. బేసల్ కణాల కేంద్రకానికి కాక వాటి ఒంటికి రంగు పట్టించే కెరటిన్ యాంటీబాడీని జతచేస్తారు. దానితోపాటు, క్యాన్సర్ కణాల్లో సాధారణంగా ఎక్కువగా ఉండే అమాకర్ అనే ఎంజైమును గుర్తించే మూడో యాంటీబాడీని కూడా కలిపి, ఒకే స్లైడుపై రెండు రంగుల్లో చూసే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. అమాకర్ కూడా కొన్ని నిరపాయకరమైన గ్రంథుల్లో కనిపిస్తుంది. కనుక మూడూ ఒకే దిక్కు చూపుతున్నాయా, ఆ దిక్కు మామూలు రంగుల్లో కనిపించిన ఆకారంతో సరిపోతోందా అన్నదే చూడాలి. అరుదుగా ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలకే పీ63 రంగు పడుతుంది. ఆకారాన్ని చూడకుండా రంగును మాత్రమే చదివేవారు అలాంటి క్యాన్సర్‌ను నిరపాయకరమని పొరపడతారు.

రొమ్ము: గట్టు తెగిందా, నిలిచిందా

రొమ్ములోని పాలనాళాలకు కూడా రెండు వరుసలే. లోపల పాలు తయారుచేసే కణాలు, వాటిని చుట్టి, పాలను ముందుకు నెట్టే మయోఎపిథీలియల్ కణాలు. క్యాన్సర్ కణాలు నాళం లోపలే పుట్టి, దాన్ని నింపేసినా, ఈ చుట్టుకణాల వరుస చెదరనంతవరకు అది నాళం దాటని దశ. శస్త్రచికిత్సతో దాదాపుగా నయమయ్యే దశ. మయోఎపిథీలియల్ వరుసను పెన్నా ఆయకట్టులోని వరిమడి గట్టుతో పోల్చవచ్చు: మడి నిండా నీరు నిలిచినా గట్టు ఉన్నంతవరకు పక్క చేలోకి పోదు, గండి పడ్డాక ఎంత పోయిందన్న లెక్క వేరే. పీ63 రంగు చూపించేది ఈ గట్టునే. కణాల గుంపుల అంచున గోధుమ చుక్కలు నిలిచి ఉంటే నాళం దాటలేదని, అవి పూర్తిగా లేకపోతే కణాలు చుట్టుపక్కల కణజాలంలోకి చొరబడ్డాయని భావిస్తారు. ఈ తేడాను బట్టి చంకలోని గ్రంథులను పరీక్షించాలా, కీమోథెరపీ గురించి ఆలోచించాలా అన్నవి మారిపోతాయి.

క్యాన్సర్ ఏమీ లేకపోయినా క్యాన్సర్‌లా కనిపించే మార్పులు కూడా రొమ్ములో వస్తాయి. స్క్లీరోసింగ్ అడినోసిస్ వాటిలో ముఖ్యమైనది: గ్రంథులు నలిగి, సాగి, నారపదార్థంలో ఇరుక్కుపోయి, సూది ముక్కలో చూస్తే చొరబడుతున్న క్యాన్సర్‌ను తలపిస్తాయి. పీ63 రంగు వేయగానే ప్రతి నలిగిన గ్రంథి చుట్టూ చుక్కలు లేచి నిలబడితే సందేహం చాలావరకు తీరిపోతుంది. ఒక స్త్రీకి అనవసరంగా రొమ్ము తొలగించకుండా కాపాడగలిగిన పరీక్ష కనుక, ఈ ఒక్క ఉపయోగం కోసమైనా పీ63 ప్రతి జిల్లా కేంద్రంలోనూ అందుబాటులో ఉండాలన్నది నా అభిప్రాయం.

చుక్కల వరుసలో ఖాళీలు మాత్రం సహజం. పీ63 కేంద్రకానికే రంగు పట్టిస్తుంది, మయోఎపిథీలియల్ కణాలేమో సాగి దూరదూరంగా ఉంటాయి. రెండు చుక్కల నడుమ ఖాళీ కనిపించినంత మాత్రాన గట్టు తెగినట్టు కాదు. కణం ఒంటికి రంగు పట్టించే కాల్పోనిన్ వంటి మరో యాంటీబాడీని తోడుగా వాడితే ఆ ఖాళీ నిండుతుంది. కానీ కాల్పోనిన్ రక్తనాళాల గోడలకూ, గడ్డ చుట్టూ ఉండే కొన్ని నారకణాలకూ కూడా పడుతుంది. అక్కడ పీ63 ఖచ్చితత్వం మేలు. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది కనుక రెండింటినీ కలిపి చదువుతారు. మైక్రోగ్లాండ్యులర్ అడినోసిస్ అనే అరుదైన మార్పు ఈ నియమాన్ని పూర్తిగా తలకిందులు చేస్తుంది: అందులో మయోఎపిథీలియల్ వరుస ఉండదు, పీ63 నెగెటివ్, అయినా అది చొరబడే క్యాన్సర్ కాదు. ఇక వ్యాసం మొదట్లో చెప్పిన నాలుగో సందర్భం మెటాప్లాస్టిక్ కార్సినోమా. రొమ్ము క్యాన్సర్ కణాలు తమ రూపాన్ని మార్చుకొని పొలుసుల కణాల్లానో, సన్నటి కదురు ఆకారపు కణాల్లానో అయిపోయినప్పుడు, పీ63 రంగు అంచున కాక గడ్డ కణాల్లోనే పడుతుంది. కదురు ఆకారపు గడ్డ సార్కోమానా (కొవ్వు, నార వంటి కణజాలంలో పుట్టే క్యాన్సరా), రొమ్ము క్యాన్సరేనా అన్న ప్రశ్నకు ఆ రంగు రెండో దాని వైపు బలంగా మొగ్గు చూపుతుంది.

ఊపిరితిత్తి: ఏ రకం అన్నదే ప్రశ్న

టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, కలిగిరి పేర్లు వింటే పొగాకు వేలం కేంద్రాలు గుర్తుకువస్తాయి. పొగాకు పండించడం వేరు, కాల్చడం వేరు. కానీ చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్న చోట ఊపిరితిత్తిలో వచ్చే పొలుసుల కణ క్యాన్సర్, అంటే స్క్వామస్ కార్సినోమా, పొగతో గట్టిగా ముడిపడిన జబ్బు. రెండో ప్రధాన రకం గ్రంథి కణాల నుంచి వచ్చే అడినోకార్సినోమా. పొగతాగనివారిలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే ముందు క్షయ అనుకొని మందులు వాడి, తగ్గక, ఆలస్యంగా ముక్క తీయించుకునేవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. అప్పటికి గడ్డ కణాలు తమ ఆనవాళ్లను పోగొట్టుకొని ఏ రకమో పోల్చుకోలేని స్థితికి చేరి ఉండవచ్చు, లేదా బ్రాంకోస్కోపీలో చిక్కిన ముక్క మరీ చిన్నదై ఆనవాలు దొరక్కపోవచ్చు.

ఒకప్పుడు ఈ రెండింటినీ వేరుచేయాలన్న పట్టింపు పెద్దగా ఉండేది కాదు. "చిన్నకణ రకం కాదు" అంటే సరిపోయేది, ఎందుకంటే మందులు రెండింటికీ ఒకటే. 2004లో బెవాసిజుమాబ్ అనే మందుపై ప్రచురితమైన ఒక పరీక్షలో, స్క్వామస్ రకం ఉన్నవారికి ఊపిరితిత్తుల్లో ప్రాణాంతక రక్తస్రావం ముప్పు ఎక్కువని తేలింది. 2008లో ప్రచురితమైన, 1,700 మందికి పైగా రోగులు పాల్గొన్న మరో పెద్ద పరీక్షలో, పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు అడినోకార్సినోమా ఉన్నవారికి మేలుచేసిందని, స్క్వామస్ రకం ఉన్నవారికి పాత మందుకంటే తక్కువ ప్రయోజనమిచ్చిందని తెలిసింది. ఈజీఎఫ్ఆర్ వంటి జన్యువుల్లో వచ్చే మార్పులు ఎక్కువగా అడినోకార్సినోమాలోనే దొరుకుతాయి, వాటికి మాత్రల రూపంలో మందులున్నాయి. అలా రకం తేల్చడం ప్రాణాలతో ముడిపడిన విషయమైంది. 2011లో అంతర్జాతీయ నిపుణులు తెచ్చిన వర్గీకరణ, చిన్న ముక్కల్లో ఆకారం తేలనప్పుడు అడినోకార్సినోమాకు ఒకటి, స్క్వామస్‌కు ఒకటి చొప్పున రెండే రంగులతో సరిపెట్టుకొమ్మని సూచించింది. మొదటిది టీటీఎఫ్-1. రెండోది అప్పట్లో పీ63, తర్వాతి కాలంలో పీ40.

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. పీ63 జన్యువు నుంచి రెండు ప్రధాన రూపాల్లో ప్రొటీన్ తయారవుతుంది: ఒకటి పూర్తి పొడవుది, రెండోది మొదటి భాగం లేని పొట్టిది. పొలుసుల కణాల్లో, బేసల్ కణాల్లో ప్రధానంగా ఉండేది పొట్టి రూపం. పొడవు రూపానికి వేరే కొలువులున్నాయి. అండాశయంలోని అండకణాల్లో డీఎన్ఏ దెబ్బతిన్నదా లేదా అని కాపలా కాసేది అదే. పీ63 పేరుతో దొరికే యాంటీబాడీ రెండు రూపాలనూ పట్టుకుంటుంది. పీ40 పేరుతో దొరికేది పొట్టి రూపాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అంటే రిపోర్టులో పీ63, పీ40 అని రెండు వరుసలున్నా, అవి వేర్వేరు జన్యువుల గురించినవి కావు. ఒకే ప్రొటీన్‌ను విశాలంగా చూసే చూపు ఒకటి, నిశితంగా చూసే చూపు మరొకటి.

2012లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ తేడా లెక్కల్లో కనిపించింది. ఊపిరితిత్తి స్క్వామస్ క్యాన్సర్లన్నింటికీ పీ63, పీ40 రెండు రంగులూ పట్టాయి. కానీ అడినోకార్సినోమాల్లో 31 శాతానికి పీ63 రంగు కొంతైనా పట్టగా, పీ40 పట్టినవి 3 శాతమే. మూడింట ఒక వంతుకు దగ్గరగా తప్పుదోవ పట్టించగల రంగుకూ, నూటికి మూడుసార్లు మాత్రమే అలా చేసే రంగుకూ మధ్య ఎంపికలో పెద్ద చర్చకు తావులేదు. ఊపిరితిత్తి ముక్కకు పీ40 ఉండగా పీ63ను ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. పీ63 మాత్రమే అందుబాటులో ఉంటే, రంగు ఎన్ని కణాల్లో, ఎంత ముదురుగా పట్టిందన్నది చూసి, టీటీఎఫ్-1తో కలిపి చదవాలి. టీటీఎఫ్-1 స్పష్టంగా పాజిటివ్ అయి, పీ63 అక్కడక్కడా లేతగా పట్టి ఉంటే అది అడినోకార్సినోమానే. రిపోర్టులో పీ63 ఎదురుగా ఉన్న పాజిటివ్‌ను చూసి స్క్వామస్ అనుకున్న కుటుంబాన్నీ తప్పుపట్టలేం. ఎంత పట్టిందో రాయకుండా పాజిటివ్ అని మాత్రమే రాసిన రిపోర్టులోనే ఆ లోటు ఉంది.

పీ40 ఖచ్చితమైనదే, కానీ అది జాతిని చెబుతుంది, ఊరిని చెప్పదు. నోరు, గొంతు, అన్నవాహిక, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తి – ఎక్కడ పుట్టిన పొలుసుల కణ క్యాన్సర్‌కైనా అది ఒకేలా పడుతుంది. మూత్రాశయపు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్లలో కూడా చాలావాటికి పీ63 పడుతుంది. దవడ క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్న వ్యక్తికి రెండేళ్లకు ఊపిరితిత్తిలో గడ్డ కనిపిస్తే, అది పాతదే పాకిందా, పొగతాగే అలవాటు వల్ల కొత్తగా పుట్టిందా అన్న ప్రశ్నకు పీ40 దగ్గర జవాబు లేదు. మెడలో గడ్డతో వచ్చిన మనిషి ముక్కలో పీ40 ముదురుగా పడితే, మరో రంగు వేసినా వేయకపోయినా తప్పనిసరి అడుగు ఒకటుంది. నాలుక మొదలు, టాన్సిళ్లు, స్వరపేటిక చుట్టుపక్కల చెవి ముక్కు గొంతు డాక్టరు లైటు వేసి వెతకడమే.

లాలాజల గ్రంథుల్లో ఈ రెండు యాంటీబాడీల మధ్య తేడా మరోలా అక్కరకు వస్తుంది. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాలో పీ63, పీ40 రెండూ పడతాయి. దాన్ని పోలి ఉండి, దానికంటే నెమ్మదిగా సాగే పాలిమార్ఫస్ అడినోకార్సినోమాలో పీ63 పడుతుంది, పీ40 పడదు. ఎముకల్లో వచ్చే జెయింట్ సెల్ ట్యూమర్‌లో, కొన్ని లింఫోమాల్లో (తెల్ల రక్తకణాల క్యాన్సర్లలో) కూడా పీ63 పడుతుంది. అవేవీ పొలుసుల కణాల జబ్బులు కావు.

ఫార్మలిన్ సీసా దగ్గర మొదలయ్యే లెక్క

ప్రొస్టేట్‌లోనూ రొమ్ములోనూ రంగు పట్టకపోవడమే క్యాన్సర్‌కు సాక్ష్యమని చెప్పుకున్నాం. రంగు పట్టకపోవడానికి మరో కారణం కూడా ఉండవచ్చు: ముక్క పాడైపోవడం. యాంటీబాడీకి చెన్నైలోనో హైదరాబాదులోనో ఎంత మంచి యంత్రం ఉన్నా, ఒంగోలులోనో కావలిలోనో ఆపరేషన్ బల్ల పక్కన జరిగిన పొరపాటును అది సరిదిద్దలేదు. ముక్కను సెలైన్‌లో వేసి సాయంత్రం దాకా ఉంచడం, ఫార్మలిన్ అయిపోయిందని స్పిరిట్‌లో ముంచడం, సన్నమూతి సీసాలో పెద్ద గడ్డను కుక్కి పైన అంగుళం ఎత్తు ద్రావణం పోయడం – ఇవన్నీ జరుగుతూనే ఉన్నాయి. ఎండాకాలం ప్రకాశం జిల్లాలో గది వేడికి ఫార్మలిన్‌లో లేని ముక్క గంటల్లోనే కుళ్లడం మొదలుపెడుతుంది.

ఉండవలసిన పద్ధతి కష్టమైనది కాదు. అంగడిలో దొరికే ఫార్మలిన్ ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి, ఆమ్లగుణం లేకుండా బఫర్ లవణాలు చేర్చిన ద్రావణం, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలి. అది కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే ఇంకుతుంది కనుక, తొలగించిన రొమ్మును కోయకుండా అలాగే ముంచితే లోపలి గడ్డకు ద్రావణం చేరేసరికి ఆలస్యమైపోతుంది. తీసిన గంటలోపే పలకలుగా కోసి ముంచాలి. రొమ్ము ముక్కలు ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలన్నది హార్మోన్ రిసెప్టర్ పరీక్షలకు పెట్టిన నియమం. అదే బ్లాకు మీద పీ63 కూడా చేస్తారు కనుక దానికీ అది మేలే. శుక్రవారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం దాకా కదలకపోతే ఆ గడువు దాటడానికి ఎంతో దూరం ఉండదు. ఎముక ఉన్న ముక్కలను మెత్తబరచడానికి వాడే ఆమ్లం కూడా ప్రొటీన్లను దెబ్బతీయగలదు. ఆ సంగతి బ్లాకుతోపాటు రాసి పంపకపోతే, దూరాన ఉన్న పాథాలజిస్టుకు రంగు ఎందుకు లేతగా ఉందో అర్థంకాదు.

పాథాలజిస్టులు దీనికి ఒక విరుగుడు పెట్టుకున్నారు. నెగెటివ్ అని రాయడానికి ముందు, అదే స్లైడులో రంగు తప్పక పట్టవలసిన మామూలు కణాలు ఎక్కడున్నాయో వెతుకుతారు. అనుమానపు గ్రంథుల పక్కనే ఉన్న మామూలు ప్రొస్టేట్ గ్రంథుల చుట్టూ చుక్కలు ముదురుగా ఉంటే, అనుమానపు గ్రంథుల చుట్టూ లేకపోవడాన్ని నమ్మవచ్చు. ఆ మామూలు గ్రంథులకూ రంగు పట్టలేదంటే పరీక్ష విఫలమైందని అర్థం. ఆ స్లైడు మీద క్యాన్సర్ అని గానీ కాదని గానీ రాయకూడదు. వీటికి తోడు, రంగు పడుతుందని ముందే తెలిసిన టాన్సిల్ ముక్కనో ప్రొస్టేట్ ముక్కనో పక్కన పెట్టి, ప్రతి విడతకూ యాంటీబాడీ పనిచేసిందని తేల్చుకుంటారు. కానీ ఆ బయటి ముక్క యాంటీబాడీ సంగతే చెబుతుంది. రోగి ముక్క ఫార్మలిన్‌లో ఎలా గడిపిందో దానికి తెలియదు. ఆ సంగతి చెప్పగలిగేది అదే స్లైడులోని మామూలు గ్రంథులు మాత్రమే.

ఊపిరితిత్తి ముక్కల విషయంలో మరో లెక్క ఉంది. సూదితో తీసిన ముక్క అరంగుళం ఉంటే ఎక్కువ. ప్రతి రంగుకూ దానిలోంచి కొన్ని మైక్రాన్ల పొర పోతుంది, బ్లాకును యంత్రంలో బిగించిన ప్రతిసారీ సమంచేయడానికి మరికొంత పోతుంది. ఒక ల్యాబులో ఎనిమిది రంగులు వేసి, నమ్మకం కుదరక మరోచోట మళ్లీ మొదటినుంచి వేయిస్తే, చివరకు ఈజీఎఫ్ఆర్ పరీక్షకు కణాలే మిగలకపోవచ్చు. అప్పుడు రోగికి మళ్లీ సూది గుచ్చవలసి వస్తుంది. రకం తేల్చడానికి రెండే రంగులు చాలన్న 2011 నాటి సూచన వెనుక ఉన్న కారణం ఇదే. రెండో అభిప్రాయం కోసం వెళ్లేవారు బ్లాకుతోపాటు మొదటి ల్యాబులో రంగు వేసిన స్లైడులన్నింటినీ, వాటి రిపోర్టునూ, ముక్క ఏ చోటి నుంచి తీశారో, ఇంతకుముందు ఏ క్యాన్సర్‌కైనా చికిత్స జరిగిందో రాసిన చీటీనీ తీసుకువెళ్తే, అక్కడివారు ఉన్న పీ40 స్లైడునే చూసి, మిగిలిన కణాలను మందుకు సంబంధించిన పరీక్షలకు దాచగలుగుతారు.